కాకినాడలో దొరికిన జవాబు, కెనడా అడుగుతున్న ప్రశ్న

2025 డిసెంబరులో, అందరం క్రిస్మస్ సెలవులకి సూట్‌కేసులు సర్దుకుంటున్న వేళ, కెనడా ఇమిగ్రేషన్ శాఖ పెద్దగా హడావుడి లేకుండా ఒక ప్రకటన చేసింది. స్టార్టప్ వీసా పథకం కింద కొత్త దరఖాస్తులు ఆ నెల 31తో ఆపేస్తున్నామని, 2025లో ఏదైనా గుర్తింపు పొందిన సంస్థ నుంచి కమిట్‌మెంట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళకి మాత్రం 2026 జూన్ 30 దాకా గడువిస్తామని, వ్యాపారదక్షుల కోసం 2026లో వేరే పైలట్ పథకం తెస్తామని దాని సారాంశం. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ వారమంతా ఇదే చర్చ. "అయ్యో, మా తమ్ముడి ఫైలు ఏమవుతుంది?" అన్నవాళ్ళు కొందరు. "పీఆర్ అమ్ముకునే దుకాణాలు మూతపడ్డాయి, మంచిదే" అన్నవాళ్ళు మరికొందరు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. 2013 ఏప్రిల్‌లో పైలట్‌గా మొదలై 2018లో శాశ్వతమైన ఈ పథకం ఉద్దేశం మంచిదే. వెంచర్ ఫండ్ నుంచి 2 లక్షల డాలర్లో, ఏంజెల్ ఇన్వెస్టర్ల నుంచి 75 వేలో తెచ్చుకుంటే పీఆర్ ఇస్తామన్నారు. డబ్బు దొరక్కపోతే ఇంక్యుబేటర్ ఒప్పుకుంటే చాలు, దానికి కనీస పెట్టుబడి షరతే లేదు. ఒక్కో కంపెనీకి అయిదుగురు దాకా ఫౌండర్లు ఉండవచ్చు. ఇంత వెసులుబాటు ఉన్నచోట ఏం జరుగుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. 2024లో ఒక్కో సంస్థ ఏడాదికి పది స్టార్టప్‌లనే సిఫారసు చేయాలని పరిమితి పెట్టారు. అప్పటికే ఆలస్యమయింది. కొత్తగా దరఖాస్తు పెట్టేవాడు పదేళ్ళు ఎదురుచూడాలన్న అంచనా దాకా వచ్చింది. పదేళ్ళు! స్టార్టప్ అన్నదానికి అది ఒక జీవితకాలం. ఫెడరల్ బిజినెస్ కోటా కింద 2024కి 5,000 మందిని తీసుకుంటామన్న ప్రభుత్వం, 2025కి దాన్ని 2,000కి, 2026కి 500కి దించేసింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, వ్యాపారం పెట్టేవాళ్ళు ఈ దేశానికి ఇప్పుడు కావలసినంతమంది లేరు. ప్రభుత్వానిదే అయిన బిజినెస్ డెవలప్‌మెంట్ బ్యాంక్ 2023లో ఒక లెక్క చెప్పింది. 2000లో ప్రతి వెయ్యిమంది కెనడియన్లలో ముగ్గురు కొత్తగా వ్యాపారం మొదలుపెడితే, 2022లో ఆ సంఖ్య 1.3కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో జనాభా కోటి పెరిగింది, వ్యాపారులు మాత్రం లక్ష తగ్గారు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఈ లోటు తీర్చగలరా అంటే, తీర్చగలరనే స్టాటిస్టిక్స్ కెనడా అధ్యయనం సూచిస్తోంది. 2010 నాటికి, ఈ దేశంలో పది నుంచి ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న వలసదారుల్లో 5.3 శాతం మందికి సొంత ఇన్‌కార్పొరేటెడ్ కంపెనీ ఉంది. మిగతా జనాభాలో అది 4.8 శాతం. తేడా చిన్నదే. కానీ కొత్తల్లో మనం వెనకబడి ఉంటాం, ఏళ్ళు గడిచేకొద్దీ ముందుకొస్తాం అన్నది ఆ లెక్కల్లో గమనించాల్సిన విషయం.

అంటే అవసరం ఉంది, మనుషులూ ఉన్నారు. ఎవరు నిలబడతారో ముందే గుర్తుపట్టడం ఎలా అన్నదే తేలలేదు. కెనడా పన్నెండేళ్ళపాటు కాగితాలు చూసి తేల్చాలని ప్రయత్నించింది. ఈ ప్రశ్న మీద అరవై ఏళ్ళ కిందట మన గోదావరి జిల్లాలో ఒక ప్రయోగం జరిగిందని, అది ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిందని మనలో చాలామందికి తెలియదు. ఎంబీఏ చేసినవాళ్ళు పరీక్ష కోసం చదివి మరిచిపోయి ఉంటారు.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. కొన్ని సమాజాలు ఆర్థికంగా ఎదగడానికి, కొన్ని ఎదగకపోవడానికి కారణం మనుషుల మనసుల్లో 'సాధించాలన్న అవసరం' ఎంత బలంగా ఉందన్నదేనని 1961లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. విమర్శలు వెల్లువెత్తాయి. కులం, కర్మసిద్ధాంతం, ఉమ్మడి కుటుంబం ఉన్న దేశంలో ఈ సాధించాలన్న తపన ఎలా వస్తుంది అన్నది ఆనాటి పాశ్చాత్య పండితుల ధోరణి. సరే, అక్కడే చూద్దాం అని మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ కాకినాడను ఎంచుకున్నారు. పోలిక కోసం పక్కనే ఉన్న రాజమండ్రిని పెట్టుకున్నారు. అక్కడివాళ్ళకి శిక్షణ ఉండదు, ఊరికే గమనిస్తారు.

1964లో కాకినాడ నుంచి 52 మంది వ్యాపారులు విడతలవారీగా హైదరాబాదు వెళ్ళారు. 1962లో అక్కడికి తరలివచ్చిన స్మాల్ ఇండస్ట్రీ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్, మనవాళ్ళ నోట్లో 'సియెట్', ఇప్పుడు ఎంఎస్‌ఎంఇ సంస్థగా మనకి తెలిసినది, వాళ్ళకి ఆతిథ్యమిచ్చింది. శిక్షణ పది రోజులు. అప్పు ఇవ్వలేదు, లైసెన్సు ఇప్పించలేదు, పద్దులు రాయడం నేర్పలేదు. బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. రాసిన కథల్లో తాము ఏం కోరుకుంటున్నారో, దేనికి భయపడుతున్నారో తామే వెతుక్కోమన్నారు. ఆటలు ఆడించారు. ఊరికి తిరిగి వెళ్ళాక ఏం చేస్తారో తేదీలతో సహా రాసిమ్మన్నారు.

మెక్లెలాండ్ ఆటల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది రింగులు విసిరే ఆట, మన తిరునాళ్ళలో ఉండేలాంటిదే. నేలలో పాతిన మేకుకి రింగు వేయాలి, ఎంత దూరం నుంచి వేస్తారో మీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి తేలిగ్గా వేసేస్తారు. కొందరు ఎక్కడో దూరం నుంచి విసిరి, పడితే అదృష్టం అంటారు. సాధించాలన్న తపన ఉన్నవాళ్ళు మాత్రం మధ్యలో, గురి కుదిరితేనే పడేంత దూరంలో నిలబడతారు. పడకపోతే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్ళీ వేస్తారు. వ్యాపారం చేసేవాడు అంటే జూదరి అని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది కదా, అది తప్పని ఈ చిన్న ఆట చెబుతుంది. జూదరి దూరం నుంచి విసిరేవాడు. ఉద్యోగంలో ఇరుక్కుపోయినవాడు మేకు పక్కన నిలబడ్డవాడు. (నేనైతే చాలా ఏళ్ళు మేకుని చేత్తో పట్టుకుని మరీ నిలబడ్డాను, కాబట్టి ఇది ఎవరినీ ఎత్తిపొడవడానికి అంటున్న మాట కాదు.)

ఫలితం ఏమిటి? తర్వాత రెండేళ్ళు గమనిస్తే, శిక్షణ పొందినవాళ్ళు పొందనివాళ్ళకన్నా ఎక్కువ గంటలు పనిచేశారు, ఎక్కువ కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. సంప్రదాయ నమ్మకాలు ఏమీ అడ్డు రాలేదు. పూజలు చేసేవాడూ ఎదిగాడు, చేయనివాడూ ఎదిగాడు. ఈ ప్రయోగం మీద వాళ్ళ పుస్తకం 1969లో వచ్చింది.

కానీ నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ పుస్తకంలోని ఇంకో సంగతి. శిక్షణ అందరికీ ఒకేలా పనిచేయలేదు. తన సంస్థలో తనే నిర్ణయం తీసుకోగలిగినవాళ్ళలో మార్పు బాగా కనిపించింది. తండ్రి మాటకో, అన్న మాటకో, పై అధికారి మాటకో లోబడి పనిచేసేవాళ్ళలో అంతగా కనిపించలేదు. తపన ఒకటే చాలదు, ఆ తపనతో కదపడానికి చేతిలో ఒక మీట ఉండాలి అన్నమాట.

ఇప్పుడు మన సంగతి చూడండి. టొరంటో చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో 'నాకూ కంపెనీ ఉంది' అనేవాళ్ళు తక్కువేం కాదు. అందులో పెద్ద భాగం ఏమిటి? ఒక బ్యాంకుకో, టెలికాం కంపెనీకో కాంట్రాక్టు మీద పనిచేయడానికి పెట్టుకున్న ఒంటరి కార్పొరేషన్. క్లయింటు ఒకడే, మేనేజరు అతనే, పని గంటలు అతనివే. ఆదాయపు పన్ను శాఖ దీన్ని 'పర్సనల్ సర్వీసెస్ బిజినెస్' అని తేల్చిందంటే, చిన్న వ్యాపారానికి వచ్చే 9 శాతం ఫెడరల్ రేటు పోయి 33 శాతం పడుతుంది. ప్రావిన్సు పన్ను దానిమీద అదనం. పన్ను శాఖవాళ్ళకి మనస్తత్వ శాస్త్రం తెలియకపోవచ్చు గానీ, వాళ్ళు అడిగేదీ కాకినాడలో తేలిందీ దాదాపు ఒకటే: ఇక్కడ నిర్ణయాలు ఎవరివి? వ్యాపారి కాగలిగినవాళ్ళు కూడా బోర్డు కట్టుకుని ఉద్యోగం చేస్తూ, 'నేను ఆంట్రప్రెన్యూర్‌నే' అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. అది నాకు పన్ను కన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

నిర్ణయం చేతిలో ఉన్నవాళ్ళు మరి ఎలా ఆలోచిస్తారు? దీనికి జవాబు వెతికిన మరో భారతీయురాలు సరస్ సరస్వతి. ఇప్పుడు వర్జీనియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. కార్నెగీ మెలన్‌లో నోబెల్ గ్రహీత హెర్బర్ట్ సైమన్ దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు ఆవిడ 27 మంది కంపెనీ వ్యవస్థాపకుల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు నడిపినవి 20 కోట్ల డాలర్ల నుంచి 650 కోట్ల డాలర్ల టర్నోవరు ఉన్న సంస్థలు. ఒక ఊహాజనిత వస్తువు ఇచ్చి, దీన్ని అమ్మాలంటే ఏం చేస్తారో ఆలోచనను పైకి చెబుతూ పరిష్కరించండి అంది. ఎంబీఏ పద్ధతి ఏమిటి? ముందు లక్ష్యం, తర్వాత మార్కెట్ సర్వే, తర్వాత పెట్టుబడి. వీళ్ళు దాదాపు తిరగేసి నడిచారు. సర్వేలని పెద్దగా నమ్మలేదు. నా దగ్గర ఏముంది, నాకు ఏం తెలుసు, నాకు ఎవరు తెలుసు అని మొదలుపెట్టి, దొరికిన మొదటి మనిషికి అమ్మి చూశారు. ఎంత లాభం వస్తుంది అన్న లెక్కకన్నా, పోతే ఎంత పోవడానికి సిద్ధం అన్న లెక్క ముందు వేసుకున్నారు.

ఆ చివరి మాటని మనవాళ్ళు వంటింటి బల్ల దగ్గర కూర్చుని వేసుకోవలసిన లెక్కగా చూస్తాను. ఇక్కడ తనఖా అప్పు మనకి ముప్ఫై ఏళ్ళు ఒకే రేటుకి రాదు, సాధారణంగా అయిదేళ్ళకోసారి తిరగరాసుకోవాలి. 2020, 2021లో చవక వడ్డీకి ఇళ్ళు కొన్నవాళ్ళకి 2025, 2026లో ఆ రోజు వచ్చింది. ఇద్దరి జీతాలూ లెక్కలో పెట్టి బ్యాంకు ఇచ్చిన అప్పు అది. ఒకరు ఉద్యోగం మానితే లెక్క తప్పుతుంది. కాబట్టి 'ధైర్యం చేయండి' అని వేదికల మీద చెప్పడం సులువు. ఆ ధైర్యం ఖరీదు ఎంతో కాగితం మీద పెట్టుకుంటే తప్ప అది ధైర్యమో దూరం నుంచి విసిరిన రింగో తెలియదు. ఆర్నెల్ల ఖర్చు, ఇంత సేవింగ్స్, అంతకు మించి ఒక్క డాలరు కూడా కాదు అని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని మొదలుపెట్టినవాడు ఓడిపోయినా ఇంటికి తిరిగి రాగలడు. ఇల్లు రెండోసారి తాకట్టు పెట్టి రెస్టారెంటు తెరిచినవాళ్ళ కథలు మీకూ రెండు మూడు తెలిసే ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు.

ఇలా ఆలోచించినవాళ్ళలో కెనడాకీ మనకీ ఉమ్మడి మనిషి ఒకరున్నారు, ప్రేమ్ వత్స గారు. ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడేవారన్న చర్చ మనకి అనవసరం. 1950లో హైదరాబాదులో పుట్టి, హైదరాబాదు పబ్లిక్ స్కూల్లో చదివి, 1971లో మద్రాసు ఐఐటీ నుంచి కెమికల్ ఇంజనీరుగా బయటికొచ్చారు. అన్నగారు ఒంటారియోలోని లండన్‌లో ఉంటే అక్కడికి చేరి, ఎంబీఏ చదువుకి డబ్బు కోసం ఇంటింటికీ తిరిగి ఏసీలు, ఫర్నేసులు అమ్మారు. మన సూపర్ సీనియర్ల వలస కథల్లో జేబులో ఎనిమిది డాలర్లు అనే మాట ఉంటుంది కదా, ఆయన కథలోనూ అదే అంకె.

తర్వాత కాన్ఫెడరేషన్ లైఫ్ అనే బీమా కంపెనీలో దాదాపు పదేళ్ళు ఉద్యోగం. అక్కడి పై అధికారి చేతిలో పెట్టిన బెంజమిన్ గ్రాహమ్ పుస్తకం తన జీవితాన్ని మార్చిందని ఆయన చాలాసార్లు చెప్పారు. ఆ కంపెనీ 1994లో కూలిపోయింది, ఆయన అప్పటికే బయటపడ్డారు. 1985లో మునిగిపోతున్న ఒక చిన్న ట్రక్కుల బీమా కంపెనీని చేజిక్కించుకున్నారు. అదే 1987లో ఫెయిర్‌ఫాక్స్ అయింది. మొదట్లో షేరుకి ఒకటిన్నర అమెరికన్ డాలర్లున్న పుస్తక విలువ 2024 ఆఖరుకి 1,059 డాలర్లు దాటింది. సగటున ఏడాదికి దాదాపు 18 శాతం పెరుగుదల, నలభై ఏళ్ళపాటు.

ఇది విజయగాథే. అయితే నాకు ఆసక్తి ఆయన ఓటముల మీద. 2008కి ముందు అమెరికా ఇళ్ళ అప్పులు కూలతాయని పందెం కట్టి, అయిదేళ్ళు ఎదురుచూసి, 200 కోట్ల డాలర్లకు పైగా గెలిచారు. ఆ ఎదురుచూపుల కాలంలోనే షార్ట్ సెల్లర్లు ఆయన కంపెనీ మీద దండెత్తారు. గెలిచిన అదే మనిషి, ఇంకో పతనం వస్తుందని 2010 నుంచి 2016 దాకా మార్కెట్టుకి రక్షణ పందేలు పెట్టి వందల కోట్లు పోగొట్టారు. మార్కెట్టు పడలేదు, పెరిగింది. మన కెనడా ముద్దుబిడ్డ బ్లాక్‌బెర్రీలో 2013లో 470 కోట్ల డాలర్ల బేరం దాకా వెళ్ళి, చివరికి అప్పుపత్రాల రూపంలో డబ్బు పెట్టి ఏళ్ళపాటు చిక్కుకున్నారు. వీటిలో తప్పు తనదేనని వాటాదార్లకి రాసే వార్షిక లేఖల్లో అచ్చులో ఒప్పుకున్నారు. ఆ తప్పులేవీ కంపెనీని ముంచలేదు. ముంచేంత పందెం కట్టకపోవడం దీనికి సగం కారణం. మిగతా సగం, తప్పని తెలిశాక 2016 ఆఖర్లో రింగు వేసే చోటు మార్చుకోవడం. 2020 జూన్‌లో, కరోనా భయంతో తన షేరు పడిపోయినప్పుడు సొంత డబ్బు సుమారు 15 కోట్ల డాలర్లతో ఆయనే కొనుక్కున్నారు. గెలుపు, ఓటమి, మళ్ళీ గెలుపు.

ఇక్కడ ఇంకో తెలుగు ముడి ఉంది. 2017లో అప్పుల భారం దించుకోవడానికి మన జీవీకే గ్రూపు బెంగుళూరు విమానాశ్రయంలో తన వాటాలు అమ్మింది. మొదట 2,202 కోట్లకి, తర్వాత 1,290 కోట్లకి. కొన్నది ఫెయిర్‌ఫాక్స్ వాళ్ళ భారతీయ సంస్థ. జీవీకే వాళ్ళకి దూరదృష్టి తక్కువ అని ఎవరూ అనలేరు. అప్పుతో కట్టినవాడు అమ్ముకోవలసిన రోజున నగదుతో కూర్చున్నవాడు కొన్నాడు, అంతే. సాధించాలన్న తపన ఇద్దరిదీ, పోగొట్టుకోగలిగినదెంత అన్న లెక్క మాత్రం వేరు.

తప్పు ఒప్పుకోవడం గురించి చెప్పుకుంటున్నప్పుడు 2009 జనవరి 7 గుర్తుకు రాకుండా ఉండదు. రామలింగరాజు గారు కూడా లేఖే రాశారు. సత్యం ఖాతాల్లో వేల కోట్లు లేవని ఒకేసారి, అన్నీ అయిపోయాక. 1987లో మొదలైన ఆ కంపెనీ మనలో ఎంతమందికి మొదటి పాస్‌పోర్టు ముద్ర వేయించిందో లెక్కలేదు. అందుకే ఆ దెబ్బ చాలా ఇళ్ళల్లో వ్యక్తిగతంగా తగిలింది. మెక్లెలాండ్ చెప్పిన తపన ఉన్న మనిషికి స్కోరుబోర్డు చాలా ముఖ్యం, ఎలా ఆడుతున్నానో ఎప్పటికప్పుడు తెలియాలి. ఆ బోర్డు మీద అంకెలు మార్చడం మొదలుపెడితే అదే తపన ఎటు తీసుకెళుతుందో హైదరాబాదు చూసింది.

ఇక కెనడా విధానం దగ్గరికి వస్తే, షాపిఫై కథ ఒకటి చాలు. టోబీ లుట్కే జర్మనీ నుంచి ఒట్టావాకి వచ్చింది ప్రేమించిన అమ్మాయి కోసం. పీఆర్ వచ్చేదాకా ఇంకొకరి దగ్గర ఉద్యోగం చేయడానికి వీల్లేదు, సొంతంగా కంపెనీ పెట్టుకోవచ్చు. అలా 2004లో స్నోబోర్డులు అమ్మే ఆన్‌లైన్ దుకాణం పెట్టాడు. బోర్డులకన్నా ఆ దుకాణం కోసం రాసుకున్న సాఫ్ట్‌వేరే బాగుందని తెలిసి 2006లో దాన్నే అమ్మడం మొదలుపెట్టాడు. ఏ ఇంక్యుబేటరు ముందు నిలబెట్టినా స్నోబోర్డుల కొట్టుకి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళా? నాకైతే సందేహమే. ఆయన్ని ఎవరూ ఎంపిక చేయలేదు. ఉద్యోగానికి తలుపు మూసి ఉంది, వ్యాపారానికి తెరిచి ఉంది, అంతే.

మన పరిస్థితి సరిగ్గా దానికి తిరగేసినది. 2023 జూలైలో అమెరికా హెచ్-1బి వాళ్ళ కోసం కెనడా 10 వేల వర్క్ పర్మిట్లకి దరఖాస్తులు తెరిస్తే రెండు రోజులు కూడా తిరక్కుండా అయిపోయాయి. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బి మీద లక్ష డాలర్ల రుసుము పెట్టాక, నవంబరు బడ్జెట్టులో కెనడా మళ్ళీ వాళ్ళకి త్వరిత మార్గం వేస్తామంది. ఉద్యోగం చేసేవాడికి తలుపు ఇలా పదేపదే తెరుస్తున్నారు. సొంతంగా ఏదైనా చేస్తానన్నవాడికి మాత్రం ఏడాదికి 500 చోట్లు. కొత్త పైలట్ రాసేవాళ్ళు నన్ను అడగరు గానీ, అడిగితే ఒకటే చెబుతాను. బయట కూర్చుని రాసిన పిచ్ డెక్ కన్నా, ఇక్కడే వర్క్ పర్మిట్ మీద ఉంటూ నిజమైన కస్టమరుకి ఏదో ఒకటి అమ్మి చూపించినవాణ్ణి ముందు చూడండి. యజమాని పేరుతో కట్టేసిన పర్మిట్ మీద ఉన్నవాడికి ఏడాదిపాటు ఆ ముడి విప్పి చూడండి. కాకినాడ భాషలో చెప్పాలంటే, ముందు మీట చేతికివ్వండి.

మన సంఘాల సంగతీ ఒక మాట. ఉగాదికీ దీపావళికీ విజయవంతమైన వ్యాపారవేత్తకి శాలువా కప్పి, ఇరవై నిమిషాల ప్రసంగం విని, భోజనాలకి లేచిపోతాం. 1964లో సియెట్ వాళ్ళకి పది రోజులు చాలాయి. మనకి శీతాకాలంలో పది శనివారాలు దొరక్కపోవు. ఇరవై మంది, ఒక కమ్యూనిటీ సెంటరు గది, ఇక్కడ వ్యాపారం పెట్టి నిలబడ్డవాళ్ళు ఇద్దరు, పెట్టి మూసేసినవాళ్ళు ఇద్దరు. ఆ రెండోవాళ్ళని ఒప్పించడమే కష్టం. మనవాళ్ళు మూసేసిన దుకాణం గురించి మాట్లాడరు. కానీ గదిలో కూర్చున్న ఇరవై మందికి కావలసిన అంకె, ఎంత పోయింది, ఎప్పుడు ఆపి ఉండాల్సింది అన్నది, వాళ్ళ దగ్గరే ఉంది.